వేపచెట్టుకి కట్టిన ట్రెయిల్ కెమెరాలో ఆకులే పడుతున్నాయి, జంతువు ఎందుకు పడట్లేదు?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, గుట్ట కిందనే మూడెకరాల శెనక్కాయ, దాన్ని ఆనుకుని చీనీ (బత్తాయి) తోట ఉన్నాయి. నెల నుంచి రాత్రిపూట ఏదో వచ్చి కాయ తవ్వి తింటాంది, డ్రిప్ పైపులు కూడా కొరికేస్తాంది. మా మామ ఎలుగొడ్డు అంటాడు, పక్క చేను పెద్దాయన పంది అంటాడు, మేకలు కాసే పిల్లోడు చిరుతను చూసినా అంటాడు. చిరుత శెనక్కాయ తింటాదా అని నవ్వుకున్నాం గానీ రాత్రి మోటరు వేయడానికి పోవాలంటే మాత్రం నవ్వు రావట్లేదు. ఆన్‌లైన్‌లో ఒక ట్రెయిల్ కెమెరా, అంటే ముందర ఏదన్నా కదిలితే దానంతటదే ఫోటో తీసేది, తెప్పించి బోరు దగ్గర వేపచెట్టుకి నా తల ఎత్తులో, గుట్ట వైపు అంటే తూర్పుకి తిప్పి కట్టినా. నాలుగు రోజులకి 1,300 ఫోటోలు. అన్నీ ఆకులు, ఎండ, బకెట్ పట్టుకుని నేను. ఒకే ఒక్క రాత్రి ఫోటోలో మాత్రం తెల్లగా పొగ కమ్మినట్టు ఉంది, దాని వెనక మెరుస్తా కన్ను ఒకటి. కెమెరా వాపసు పంపేయాలా? పక్క చేనాయన ఇవన్నీ ఎందుకురా, కంచెకి కరెంటు ఇచ్చేయ్ అంటున్నాడు.

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ కరెంటు మాట తేల్చేద్దాం. ఆ పని మాత్రం చేయొద్దు, ఆ పెద్దాయన చేస్తానన్నా చేయనీయొద్దు. పంది కోసం అని తీగ లాగితే తెల్లారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషి దానికి తగిలి పోయిన వార్తలు మన జిల్లా పేపర్లో నువ్వు చూడనివి కావు, మనిషి కాకపోతే సొంత ఎద్దు. పడింది ఎలుగొడ్డో చిరుతో అయితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు, రెండూ గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువులు, బెయిల్ కోసం తిరిగే ఖర్చుతో ఇంకో తోట పెట్టుకోవచ్చు. కంచె కావాలంటే సోలార్ ఫెన్సింగ్ అని వేరే ఉంది, అది క్షణం సేపు జాటీతో కొట్టినట్టు షాక్ ఇచ్చి వదిలేస్తుంది, చంపదు. దాని ఖర్చు పెట్టాలా వద్దా అనేది కూడా ముందు వచ్చేది ఏదో తెలిస్తేనే కదా, కాబట్టి కెమెరా కొన్నది మంచి పనే. వాపసు పంపొద్దు, దాంట్లో తప్పేమీ లేదు, కట్టిన చోటులోనే ఉంది అంతా.

ఆ కెమెరాకి లెన్సు కింద తెల్లగా ఉబ్బెత్తుగా ప్లాస్టిక్ ముక్క ఉంటుంది చూడు, అసలు కాపలా కాసేది అదీ, దాన్నే పీఐఆర్ సెన్సార్ అంటారు. దానికి పంది తెలీదు నువ్వు తెలీదు, తన ముందున్న జాగాని కొన్ని ముక్కలుగా పంచుకుని ఏ ముక్కలోనన్నా వేడి ఉన్నట్టుండి మారిందా అని చూస్తా ఉంటుంది, ఒక ముక్కలోంచి పక్క ముక్కలోకి వేడి జరిగితే కెమెరాని లేపుతుంది, కెమెరా అప్పుడు ఫోటో కొడుతుంది. ఇప్పుడు నీ వేపచెట్టు సంగతి ఆలోచించు. తూర్పుకి తిప్పినావు, పొద్దున సూర్యుడు నేరుగా దాని మొహానే, ముందర ఎండకి కాగిన రెమ్మలు, ఆపైన మన గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా, ఆషాఢం శ్రావణంలో మన తట్టు గాలికి చెట్టే ఊగుతుంది, చెట్టు ఊగితే దానికి కట్టిన కెమెరా ఊగుతుంది, కెమెరా ఊగితే ఎదురుగా ఉన్న ప్రపంచమంతా కదిలినట్టే సెన్సార్‌కి. 1,300 ఫోటోలే పడినాయంటే నాకు తక్కువే అనిపించింది.

ఆ రాత్రి ఫోటోలో తెల్లగా ఉన్నది పొగ కాదులే. చీకట్లో కెమెరా మన కంటికి కనపడని ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైటు వేస్తుంది, ఆ లైటు లెన్సుకి దగ్గర్లో ఉన్న వేపరెమ్మ మీద పడి వెనక్కి కొట్టింది, దగ్గరిది తెల్లగా మాడిపోయింది, దూరంగా ఉన్న అసలు జంతువు నల్లగా ఉండిపోయింది. గడ్డిపోచ ఒక్కటి అడ్డమున్నా ఇదే జరుగుతుంది. అందుకే కెమెరా ముందర మూడు నాలుగు మీటర్లు గడ్డి, కంప, ఆకు ఏదీ లేకుండా కొడవలితో నున్నగా కోసేయాలి. ఈ ఒక్క పనికి బద్ధకిస్తే మిగతావన్నీ చేసినా దండగ.

ఇంకో సంగతి, ఇది మాన్యువల్‌లో నీకు దొరకదు ఎందుకంటే ఆ మాన్యువల్ రాసింది చలిదేశం వాళ్లు. సెన్సార్ చూసేది జంతువు ఒంటి వేడికీ వెనకాల ఉన్నదాని వేడికీ తేడా. మన దగ్గర ఏప్రిల్ మే నెలల్లో 40 దాటిన మధ్యాహ్నం ఆ తేడా దాదాపు ఉండదు, కుక్క ఎదురుగా నడుచుకుంటా పోయినా కెమెరా పలకకపోవచ్చు, అప్పుడు సెన్సిటివిటీ, అంటే సెన్సార్ ఎంత చురుగ్గా పలకాలో చెప్పే సెట్టింగు, హైలో పెట్టాల. చలికాలం రాత్రుళ్లు తేడా బాగా ఉంటుంది, మీడియం గానీ లో (తక్కువ) గానీ చాలు. ఇప్పుడు గాలి రోజులు కాబట్టి మీడియంలో పెట్టు. ఇంకా మన గుట్టల కింద ఉండే పెద్ద పెద్ద బండలు ఉన్నాయే, పగలంతా కాగి పొద్దుగూకినాక కూడా చాలాసేపు వేడి కక్కుతా ఉంటాయి, ఆ బండ ఫ్రేములో వెనకాల ఉంటే దాని ముందర నుంచి ఎలుగొడ్డు పోయినా సెన్సార్‌కి రెండూ ఒకటే అనిపించొచ్చు. బండకి ఎదురుగా పెట్టొద్దు, మట్టినేల వెనకాల ఉండేట్టు చూసుకో.

సరే, ఎక్కడ కట్టాలి. అందరూ చేసేది ఏందంటే మంచి చెట్టు ఒకటి చూసుకుని దానికి కట్టేసి జంతువు అక్కడికి రావాలని ఎదురుచూడ్డం. నువ్వు ముందు కెమెరాని రెండు రోజులు ఇంట్లో పెట్టి చేను చుట్టూ తిరుగు. గుట్ట మీది నుంచి వంకలోకి, వంకలోంచి చేనులోకి దిగే చోటు ఒకటో రెండో ఉంటాయి, కంచె కింద మట్టి అరిగి నున్నగా ఉంటుంది, ముళ్లకి వెంట్రుకలు తగులుకుని ఉంటాయి. అనుమానం ఉన్న చోటల్లా సన్న మట్టి జల్లెడ పట్టి గెనిమ (గట్టు) మీద రెండు మూడడుగుల వెడల్పున పరిచి, చేత్తో చదును చేసి వచ్చేయ్. పొద్దున్నే పోయి చూస్తే అడుగులు అచ్చు పడి ఉంటాయి. ఇది నేను కనిపెట్టింది కాదు. కడప లంకమల అడవిలో కలివికోడి కోసం వెతికినప్పుడు పరిశోధకులు చేసింది ఇదే, మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగులు చూడ్డం, దాంతోపాటు ఆటోమేటిక్ కెమెరాలు పెట్టడం, 2002లో దాని మీద పరిశోధన పేపర్ కూడా వచ్చింది. 1900లో మన అనంతపురం తట్టు కనపడినాక ఇంక లేదనుకున్న పిట్ట అది, 1986లో మళ్లీ కడప జిల్లాలోనే దొరికింది. అది రాత్రిపూట తిరిగే పిట్ట, ఎంత ఎత్తుంటుందని, దాన్నే అట్ల పట్టగలిగినారంటే నీ చేన్లో శెనక్కాయ తవ్వేదాన్ని పట్టలేవా.

అడుగులు చదవడం కష్టమేం కాదు. పందిది రెండు గిట్టలు, వెనకాల రెండు చిన్న చుక్కలు కూడా పడతాయి. ఎలుగొడ్డు వెనక పాదం చూస్తే చిన్నపిల్లోడు ఉత్త కాళ్లతో నడిచినాడేమో అనిపిస్తుంది, కాకపోతే ముందర పొడుగ్గా గోళ్ల గాట్లు ఉంటాయి. చిరుతది గుండ్రంగా నాలుగు వేళ్లు, గోరు గుర్తు ఉండదు, గోరు కనపడిందంటే కుక్కో నక్కో తోడేలో దుమ్ములగొండో. నువ్వు రాసినదాన్ని బట్టి నా అనుమానం అయితే శెనక్కాయ పంది పని, పైపులు ముళ్లపంది పని, రెండూ వేరే వేరే దొంగలు. పందులు వచ్చినాయంటే సాలు సాలంతా మూతితో పెళ్లగించి పోతాయి. పైపు మీద పక్కపక్కనే రెండు సన్నటి పంటి గాట్లు ఉన్నాయేమో చూడు, చీనీ చెట్ల మొదలు దగ్గర బెరడు కొరికి ఉందేమో చూడు, ఉంటే ముళ్లపందే, వెతికితే ముల్లు ఒకటి దొరికినా దొరుకుతుంది. ఎలుకలు ఉడతలు కూడా పైపు కొరుకుతాయి గానీ గాటు చిన్నది. ఎలుగొడ్డు వచ్చి ఉంటే దగ్గర్లో చెదల పుట్టలు తవ్వి ఉండాలి, పెంటలో రేగి గింజలో సీతాఫలం గింజలో కనపడాలి. మీ మామని అడుగు, ఆయన పుట్టలు చూసి చెప్తున్నాడా ఊరికే చెప్తున్నాడా అని.

దారి దొరికినాక కట్టడానికి చెట్టే కావాలని లేదు. మీ కంచెకి రాతి కూసాలు ఉంటాయి కదా, వాటికన్నా మంచిది లేదు, ఎంత గాలికైనా కదలవు. కూసానికి ఉత్తరం వైపు కట్టు, కెమెరాని ఉత్తరానికే తిప్పు. మే నెల నుంచి ఆగస్టు రెండో వారం దాకా మనకి మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపే జరుగుతాడు గానీ అప్పుడు నడినెత్తి మీద ఉంటాడు కాబట్టి లెన్సులో పడడు, కుదరకపోతే దక్షిణమైనా పరవాలేదు, తూర్పు పడమరలు మాత్రం వద్దేవద్దు. ఎత్తు నీ మోకాలి దగ్గర, అంటే నేల నుంచి ఒక 45, 50 సెంటీమీటర్లు. ఛాతీ ఎత్తులో కట్టమని డబ్బాలో కాగితం మీద ఉంటుంది, అది అమెరికాలో జింకల వేటగాళ్లకి రాసింది, ఆ ఎత్తులో పెడితే మన ముళ్లపంది కింద నుంచి హాయిగా పోతుంది. పులుల లెక్కకి ఫారెస్టు వాళ్లు పెట్టే కెమెరాలు కూడా మోకాలి ఎత్తులోనే ఉంటాయి, కాకపోతే వాళ్లు దారికి అటూ ఇటూ రెండు పెడతారు, పులికి చారలైనా చిరుతకి మచ్చలైనా రెండు పక్కలా ఒకటే మాదిరి ఉండవు కాబట్టి రెండు వైపులా ఫోటో ఉంటేనే ఇది ఫలానా జంతువు అని గుర్తుపట్టగలరు. నీకు ఏ జంతువో తెలిస్తే చాలు, ఒక్కటి సరిపోతుంది.

దారికి ఎదురుగా కాకుండా, పూర్తిగా అడ్డంగానూ కాకుండా ఏటవాలుగా తిప్పాల, సుమారు 45 డిగ్రీలు అనుకో. నేరుగా ఎదురొచ్చే జంతువు సెన్సార్ ముక్కలు దాటదు కాబట్టి లేటుగా తెలుస్తుంది, మరీ అడ్డంగా పెడితే కెమెరా లేచేలోపు అది దాటిపోయి తోక ఒకటే పడుతుంది. ఏటవాలుగా ఉంటే అడ్డమూ కదులుతుంది, ఫ్రేములో కొంచెంసేపు ఉంటుంది. దారికి కెమెరాకి మధ్య మూడు నాలుగు మీటర్లు ఉండనీ, డబ్బా మీద రాత్రి రేంజి 20 మీటర్లు అని రాసి ఉన్నా నమ్మకు, అంత దూరంలో పడింది పందో బండో తేల్చడానికి ఊరంతా కూర్చోవాల్సి వస్తుంది. మెగాపిక్సెల్స్ కూడా అంతే, 36, 48 అని రాస్తారు, చాలావాటిలో చిన్న సెన్సార్ ఫోటోని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసిన లెక్క అది, కార్డు నిండడం తప్ప ఏం లాభం లేదు, తగ్గించి పెట్టుకో.

కట్టినాక టెస్ట్ మోడ్‌లో పెట్టి దాని ముందర నువ్వే నడువు, సెన్సార్‌కి తెలిసినప్పుడల్లా చిన్న లైటు వెలుగుతుంది. నిలబడి నడిస్తే లాభం లేదు, పంది ఎత్తులో చేతులు మోకాళ్ల మీద పోవాల, ఊరోళ్లు చూసి నవ్వితే నవ్వనీ. ఎక్కడెక్కడ లైటు వెలగట్లేదో చూసుకుని కెమెరా వెనక పై భాగానో కింది భాగానో చిన్న పుల్ల దోపి వంపు సరిచేసుకో. ఒకటి రెండు ఫోటోలు తీసి ఫోన్‌లో కార్డ్ రీడర్ పెట్టి ఫ్రేము చూసుకున్నాకే ఇంటికి రా.

సెట్టింగుల్లో అన్నిటికన్నా ముందు తేదీ, టైము. ఎప్పుడు వస్తున్నాయో తెలియడమే నీకు ఫోటో కన్నా ఎక్కువ పనికొచ్చేది, ఏఎం పీఎం తారుమారైందంటే అంతా బూడిదే. టైమర్ ఉంటుంది, సాయంత్రం 6 నుంచి పొద్దున 7 దాకా మాత్రమే పనిచేసేట్టు పెట్టు, దాంతో నీ బకెట్ ఫోటోలు, మేకలు, ఎండ అన్నీ పోతాయి. కెమెరా లేచిన ప్రతిసారీ మూడు ఫోటోలు, మధ్య విరామం 30 సెకన్లు, పందులు గుంపుగా వస్తాయి కాబట్టి వెనకాల ఎన్ని ఉన్నాయో కూడా తెలుస్తుంది. వీడియో ఇప్పుడే వద్దు, బ్యాటరీ తాగేస్తుంది, ఏ జంతువో తెలిసినాక సరదాకి తీసుకో. కార్డు 32 జీబీ, క్లాస్ 10ది చాలు, ఫోన్‌లో కాదు కెమెరాలోనే ఫార్మాట్ చేయి. గోడ గడియారానికి వేసే మామూలు సెల్లు వేయొద్దు, రాత్రి ఐఆర్ లైటు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, అవి తట్టుకోవు, పగలు బాగానే ఉండి రాత్రి ఫోటోలు నల్లగా వస్తున్నాయంటే అదే కారణం. ఆల్కలైన్ వేయి, స్తోమత ఉంటే లిథియం, రీఛార్జి సెల్లు 1.2 వోల్టులే ఇస్తాయి కాబట్టి కొన్ని కెమెరాల్లో బ్యాటరీ లో అని తొందరగా చూపిస్తుంది. పాతవీ కొత్తవీ కలపడం మాత్రం ఎప్పటికీ వద్దు.

చీమలు. ఇది ఎవరూ చెప్పరు గానీ మన తట్టు పెద్ద బాధ ఇదే, వెచ్చగా ఉందని డబ్బాలోకి దూరి గుడ్లు పెడతాయి, కట్టిన పట్టీకి రెండు వైపులా కొంచెం గ్రీజు రాయి. లోపల ఒక సిలికా జెల్ పొట్లం వేయి, చెప్పుల డబ్బాల్లో వచ్చేదే. లెన్సు ముందర సాలెగూడు ఉందేమో పోయినప్పుడల్లా చూసి తుడువు.

కెమెరా మీ పట్టా చేన్లోనే ఉండాలి. గుట్ట మీద బాగుంటుంది కదా అని అక్కడ కట్టొద్దు, అది రిజర్వు ఫారెస్టు అయితే పర్మిషన్ లేకుండా పోవడమే నేరం, కెమెరా కూడా పోతుంది. కోడి పేగులో బెల్లమో ఎర పెట్టే ఆలోచన కూడా వద్దు, రానిదాన్ని కూడా రప్పించుకున్నట్టు అవుతుంది. ఇంకొకటి, కాస్త జాగ్రత్తగా విను. కెమెరా మనుషులు నడిచే దారికి, ముఖ్యంగా ఆడవాళ్లు తెల్లారుజామున పోయే వైపుకి తిరిగి ఉండకూడదు. పక్క చేనోళ్లకి ముందే చెప్పేయ్, ఇక్కడ కెమెరా ఉంది ఇటు చూస్తాంది అని, తర్వాత మాట పడేకన్నా అది నయం, చెప్తే దొంగతనం భయం కూడా కొంత తగ్గుతుంది.

కార్డు తీయడానికి పొద్దు బాగా ఎక్కినాకే పో, సాయంత్రం వద్దు. ఎలుగొడ్డు మనిషిని వెతుక్కుంటా వచ్చి కొట్టదు, పొదలో ఉన్నట్టుండి ఎదురుపడితే భయపడి మీద పడుతుంది, అందుకే ఇద్దరు పోండి, గట్టిగా మాట్లాడుకుంటానో ఫోన్‌లో పాటలు పెట్టుకునో పోండి. మోటరుకి కూడా అంతే, వచ్చేది ఏదో తేలేదాకా రాత్రిపూట ఒంటరిగా పోవద్దు. రోజూ పోయి కెలకొద్దు, వారానికి ఒకసారి చాలు, నీ వాసనకి పందులు దారి మార్చేస్తాయి.

పందో ముళ్లపందో అయితే ఆ ఫోటోలు జాగ్రత్త పెట్టుకో, పంట నష్టానికి ఫారెస్టు ఆఫీసులో అర్జీ ఇచ్చేటప్పుడు తేదీ టైముతో ఉన్న ఫోటో చేతిలో ఉంటే మాట్లాడ్డం తేలిక. చిరుత గానీ ఎలుగొడ్డు గానీ పడిందంటే వాట్సాప్ స్టేటస్ పెట్టకముందు రేంజి ఆఫీసుకి చెప్పు, చోటు పేరు గ్రూపుల్లో వేయొద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో పాప చనిపోయినాక చిరుత వీడియోలు నిజమైనవీ పాతవీ కలిపి ఎట్ల తిరిగినాయో గుర్తుందా, రేపు నీ ఫోటో అట్లనే ఊరూరా తిరిగి కర్రలు పట్టుకున్న గుంపు మీ చేన్లోకే దిగుతుంది, పంది తొక్కినదానికన్నా వాళ్లు తొక్కేదే ఎక్కువ ఉంటుంది.

వారం చూడు. ఒక్క జంతువూ పడకపోతే సెట్టింగులు మార్చకుండా చోటు మార్చు, మట్టి పట్టీ మీద రెండో దారి ఏది కనపడిందో అక్కడికి. కార్డు తీసినప్పుడల్లా, సెల్లు మార్చినప్పుడల్లా డబ్బా కొంచెం కదిలే ఉంటుంది కాబట్టి మళ్లీ టెస్ట్ మోడ్ పెట్టి ఒకసారి పాకి చూసే రా. పైపు మీది గాట్లు దగ్గర్నుంచి ఫోటో తీసి పంపు, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీయి, సైజు తెలిస్తే ఎలుకో ముళ్లపందో చెప్పేస్తా.